మింగింది బిళ్ళా... బ్యాటరీయా?

పాకడం మొదలుపెట్టిన పిల్లలకు ప్రతి వస్తువునూ పరీక్షించే చోటు నోరే. గట్టిదా, మెత్తదా, తీపా, చేదా... అంతా అక్కడే తేలాలి! నేల మీద పడ్డ రూపాయి బిళ్ళ, అమ్మ గాజులకు వేలాడే పిన్నీసు, అన్నయ్య బొమ్మకారు చక్రం, అష్టాచమ్మా ఆడి వదిలేసిన చింతగింజ... ఏది దొరికితే అది నోట్లోకే. ఆర్నెల్ల నుంచి మూడేళ్ళ లోపు పిల్లల్లో ఈ గండం మరీ ఎక్కువ.

మా జనగామలో, మా వాడకట్టులోనే ఒకరోజు పొద్దున్నే పక్కింటి కోడలు "వదినా, పిలగాడు పైసలు మింగిండు!" అంటూ పరుగెత్తుకొచ్చింది. నేను వెళ్ళేసరికి సలహాలకేం కొదవ లేదు. "కాళ్ళు పట్టి తలకిందులు చెయ్యి" అని ఒకరు. "ఏలు పెట్టి కక్కియ్యి" అని ఇంకొకరు. "నాలుగు అరటిపండ్లు తినిపియ్యి, పొద్దుగూకేసరికి అదే పోతది" అని ఒక పెద్దమ్మ. రెండేళ్ళ ఆ పిల్లాడు మాత్రం ఏడవకుండా, చొల్లు కారుస్తూ బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. నీళ్ళిస్తే మింగలేక బయటికే వదిలేశాడు.

అరటిపండు పక్కన పెట్టించి ఆటో పిలిచాం. ఎక్స్‌రేలో బిళ్ళ గొంతు దిగువన, అన్నవాహిక మొదట్లోనే గుండ్రంగా కనిపించింది. అక్కడి నుంచి వరంగల్ తీసుకెళ్తే, మత్తు ఇచ్చి గొట్టం వేసి తీశారు. మర్నాటికి పిల్లాడు ఇంట్లో ఆడుకుంటున్నాడు.

అన్నవాహికలో సహజంగానే ఇరుకుగా ఉండే చోట్లు మూడున్నాయి. అన్నింటికంటే పైనున్న చోటే బిళ్ళలు ఎక్కువగా ఆగిపోతాయి. ఆ మూడూ దాటి కడుపులోకి దిగితే చాలావరకు గండం గడిచినట్టే. మామూలు బిళ్ళయితే కొన్ని రోజుల్లో, మహా అయితే రెండు మూడు వారాల్లో మలంతో పాటు వచ్చేస్తుంది. విరేచనాల మందు అక్కర్లేదు. ఆ అరటిపండ్ల వల్ల ఉపయోగం లేకపోగా, మత్తు ఇవ్వాల్సి వస్తే కడుపు నిండుగా ఉండటమే పెద్ద ఇబ్బంది. వేలు పెట్టి కక్కించడం ఇంకా ప్రమాదం. పైకొచ్చిన వస్తువు ఊపిరి గొట్టంలోకి జారవచ్చు. బిళ్ళ అన్నవాహికలోనే ఉన్నా పిల్లాడికి ఏ బాధా లేకపోతే, డాక్టర్లు కొన్ని గంటలు కనిపెట్టి చూసి మళ్ళీ ఎక్స్‌రే తీస్తారు. చొల్లు కారుతున్నా, మింగలేకపోతున్నా, ఆయాసం ఉన్నా ఆగరు.

ఇక అసలు భయపడాల్సింది బిళ్ళకు కాదు, బిళ్ళలాగే ఉండే బ్యాటరీకి. కారు తాళాల్లో, బరువు తూచే మిషన్లలో, చిన్న రిమోట్లలో, పాటలు పాడే బొమ్మల్లో వెండిలా మెరిసే ఒక గుండ్రటి బ్యాటరీ ఉంటుంది. దాని మీద 2032 అని ఉంటే అడ్డం 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు అని అర్థం. ఇంచుమించు మన రూపాయి బిళ్ళంత! అది అన్నవాహికలో ఇరుక్కుంటే లోపలి మందు కారేదాకా కూడా ఆగదు. తడి కండ తగలగానే కరెంటు పారి, బ్యాటరీ రుణ ధ్రువం వైపు క్షారం తయారవుతుంది. రెండు గంటల్లోనే లోపల లోతుగా కాలిపోతుంది. "పాతదే, పని చేయట్లేదు" అని తీసిపారేసిన బ్యాటరీకీ ఆ పాటి శక్తి మిగిలే ఉంటుంది. దాన్ని తీసేశాక కూడా కొన్ని రోజులకు ఊపిరి గొట్టానికో, పెద్ద రక్తనాళానికో చిల్లు పడి ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలున్నాయి.

అందుకే ఏం మింగాడో చూసినవాళ్ళు లేకపోతే, అది బ్యాటరీయే అనుకుని బయల్దేరండి. ఎక్స్‌రేలో బిళ్ళకు ఒకటే అంచు, బ్యాటరీకి రెండు వలయాలు కనిపిస్తాయి. బ్యాటరీయే అని తెలిసి, మింగి 12 గంటలు దాటకపోతే, దారిలో పది నిమిషాలకోసారి రెండు చిన్న చెంచాల తేనె, ఆరుసార్ల వరకూ పట్టమని అమెరికాలోని విష ప్రమాదాల కేంద్రం చెబుతోంది. తేనె కాలడాన్ని కాస్త నెమ్మదింపజేస్తుంది, అంతే. తేనె కోసం కొట్టు వెతుక్కుంటూ ఆలస్యం చేయొద్దు. ఏడాది నిండని పిల్లలకు తేనె అసలు వద్దు. మింగలేకపోతున్నా వద్దు.

ఈమధ్య బొమ్మల్లో వస్తున్న చిన్న చిన్న అయస్కాంత గుండ్లూ అంతే. ఒకటి మింగితే సరే, రెండు మింగితే పేగుల మడతలకు ఇటొకటి అటొకటి అతుక్కుని మధ్యలో చిల్లు చేస్తాయి.

మింగడం ఒక సంగతి, ఊపిరి గొట్టంలోకి పోవడం ఇంకో సంగతి. మన ఇళ్ళలో పల్లీలు, పుట్నాలు, చలికాలం వస్తే సీతాఫలం గింజలు... వీటితోనే బాధ. నోట్లో పల్లీ ఉండగా పిల్లాడు నవ్వినా, పరుగెత్తినా, చెంప మీద ఒక్కటిచ్చినా అది లోపలికి జారుతుంది. ఒక్కసారిగా ఉక్కిరిబిక్కిరై దగ్గుతాడు. కాసేపటికి తగ్గిపోతుంది. "హమ్మయ్య" అనుకుంటాం. పల్లీ మాత్రం ఊపిరితిత్తుల గొట్టంలో నాని ఉబ్బుతుంటుంది. నాలుగు రోజులకు దగ్గు, జ్వరం, పిల్లికూతలు. మందులు వాడితే తగ్గి, మళ్ళీ వస్తుంటాయి. పల్లీ ఎక్స్‌రేలో కనిపించదు కాబట్టి, "ఫలానా రోజు పల్లీలు తింటూ దగ్గాడు" అన్న తల్లి మాటే అక్కడ పెద్ద పరీక్ష. ఆ మాట డాక్టరు అడక్కపోయినా చెప్పండి.

ఇలాంటివి తీయడం ఒకప్పుడు గగనమే. 1897లో జర్మనీలో గుస్తావ్ కిలియన్ అనే డాక్టరు ఒక రైతు ఊపిరి గొట్టంలోంచి పంది ఎముకను గొట్టం వేసి మొదటిసారి తీశాడు. ఆ తర్వాత అమెరికాలో షెవాలియర్ జాక్సన్ అనే ఆయన తన జీవితకాలంలో బిళ్ళలు, పిన్నీసులు, గుండీలు... ఇలా రెండు వేలకు పైగా తీసి, ఒక్కటీ పారేయకుండా దాచాడు. అవన్నీ ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియంలో సొరుగుల్లో ఉన్నాయి. ఆ సొరుగుల నిండా మన ఇంటి సామానే!

2022 నవంబరులో వరంగల్‌లో ఎనిమిదేళ్ళ బాబు గొంతులో చాక్లెట్ అడ్డుపడి చనిపోయాడు. అంత వయసు పిల్లలకూ ఇది తప్పదు. గట్టిగా దగ్గుతున్నాడంటే గాలి ఆడుతున్నట్టే, దగ్గనివ్వండి. మాట రాక, పెదాలు నీలం తిరుగుతుంటే మాత్రం క్షణం ఆగొద్దు. ఏడాది లోపు పాపనైతే మోచేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని రెండు రెక్కల మధ్య అరచేతి మడమతో 5 సార్లు చరచండి. రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో 5 సార్లు నొక్కండి. పెద్ద పిల్లల్నయితే ముందుకు వంచి వీపు మీద 5 సార్లు, తర్వాత వెనక నుంచి బొడ్డుకు పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ 5 సార్లు నొక్కాలి. వచ్చేదాకా ఇవే మార్చి మార్చి. ఒకరు చేస్తుంటే ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. స్పృహ తప్పితే నేల మీద పడుకోబెట్టి ఛాతీ నొక్కుతూ, మధ్యమధ్య నోటితో ఊపిరి ఊదాలి. లోపల వస్తువు కంటికి కనిపిస్తేనే వేలితో తీయండి. కనపడకుండా తడిమితే ఇంకా లోపలికి పోతుంది.

ఎక్స్‌రే జనగామలోనే అయిపోతుంది. గొట్టం వేసి తీయాలంటే అటు వరంగల్ ఎంజీఎం, ఇటు హైదరాబాద్ నిలోఫర్. మత్తు డాక్టరు, గొట్టం వేసే డాక్టరు ఆ పూట ఉన్నారో లేదో ఇక్కడి ఆస్పత్రి నుంచే ఫోన్ చేయించుకుని కదలండి. దారిలో పాలు, బిస్కెట్లు పెట్టొద్దు. మింగిన దాని జత ఇంట్లో ఉంటే, లేదా బ్యాటరీ ఊడిన రిమోట్ ఉంటే చేతిసంచిలో వేసుకెళ్ళండి. అక్కడ డాక్టరు మొదట అడిగేది దాని సైజే.