మోగే రాయి

కరీంనగర్ చుట్టుపక్కల రోడ్ల మీద బస్సులో వెళ్ళినవారు, కొట్టుగది అంత రాతి దిమ్మెను మోసుకొని మెల్లగా పోయే లారీని చూచే వుంటారు. అంత పెద్ద లారీ మీద ఒక్క రాయి, మహా అయితే రెండు! "ఈ మాత్రానికి ఇంత లారీ ఎందుకు?" అని మీలో కొందరు నవ్వుకొనే వుంటారు. కాస్త లెక్క వేయండి. మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటర్ల ఎత్తు గల దిమ్మె అంటే తొమ్మిది ఘనపు మీటర్లు. గ్రానైటు రాయి ఘనపు మీటరుకు సుమారు 2.7 టన్నులు తూగుతుంది. గుణించండి. 24 టన్నుల పైచిలుకు! ఒక్కొక్కటి నాలుగు టన్నులుండే ఏనుగులు ఆరు ఆ లారీ ఎక్కి కూర్చున్నట్లే గదా!

ఆ ఆరు ఏనుగులనూ గుట్ట మీద నుంచి దింపి సముద్రం దాటించే మనిషి ఒకడు వుంటాడు. అతని బ్రతుకు ఎట్టిదో ఈ నెల చెప్పుకుందాం.

నా దగ్గర చదువుకున్నవాడొకడు ఆ పనిలో వున్నాడు. పేరు రాయవద్దన్నాడు, రాయను. అతని తండ్రి కట్టె వ్యాపారి. ఆదిలాబాదు అడవుల టేకుకు ఎంత పేరో మీ ఇంటి పెద్దలను అడగండి, చెబుతారు. పాత ఇళ్ళ ద్వారబంధాలు చూపించి మరీ చెబుతారు. టేకు లేత ఆకును అరచేతిలో నలిపితే చెయ్యి ఎర్రబడుతుంది. చెట్టు నడిమి భాగం, అంటే చేవ, బంగారు రంగు కలిసిన గోధుమ వర్ణంలో వుంటుంది. ఆ చేవలో చెదపురుగుకు గిట్టని పదార్థాలు వున్నాయి. అందుకే టేకు తలుపు తాత కాలం నుంచి మనుమడి కాలం దాకా నిలుస్తుంది.

అడవిలోని చెట్టును ఎవరుపడితే వారు కొట్టడానికి లేదు. అడవిశాఖవారు మొద్దులను డిపోలకు చేర్చి, సుత్తి ముద్ర వేసి, వేలం వేస్తారు. కొనేవాడికి మొద్దు బయటి రూపమే కనబడుతుంది. లోపల గట్టిగా వుందో, బోలుగా వుందో ఎట్లా తెలుస్తుంది? తండ్రి చిన్న రాయి తీసుకొని మొద్దును తట్టేవాడట. గట్టి మొద్దు ఒక రకంగా పలుకుతుంది, బోలు మొద్దు డప్పులాగా పలుకుతుంది. కుర్రవాడు పక్కన నిలబడి చెవి ఒగ్గి వినేవాడు. నా తరగతిలో ఆ శ్రద్ధలో సగం చూపించి వుంటే ఇంకో నాలుగు మార్కులు వచ్చేవి. అది వేరే సంగతి.

అడవి మీద ఆంక్షలు క్రమంగా పెరిగాయి. జన్నారం వైపున్న కవ్వాల అడవి 1965లో వన్యప్రాణుల ఆశ్రయమయింది, 2012లో పులుల అభయారణ్యమయింది. పులికి చోటు కావాలంటే గొడ్డలికి చోటు వుండదు. మా వాడు కట్టె కోత మిల్లు మూయలేదు గాని, ఆశ మాత్రం గుట్ట మీదికి మళ్ళించాడు.

కరీంనగర్ గుట్టల్లో ఒక జాతి గ్రానైటు వుంది. ముదురు రంగు నేల మీద గోధుమ, ఎరుపు కలిసిన పలుకులు చల్లినట్లుంటుంది. వ్యాపారంలో దాన్ని "టాన్ బ్రౌన్" అంటారు. ఆ పలుకులు ఫెల్‌స్పార్ అనే ఖనిజం. భూమి లోతున కరిగి వున్న రాతి ముద్ద మెల్లగా, చాలా మెల్లగా చల్లారినందువల్ల పలుకులు అంత పెద్దవిగా కట్టాయి. ఇది జరిగి సుమారు 250 కోట్ల సంవత్సరాలయింది. అప్పటికి చెట్టూ లేదు, చేపా లేదు.

గుట్టలు ప్రభుత్వానివి. లీజు పొందాలి. పైనున్న మట్టి, పగుళ్ళ రాయి తీసివేయడానికే నెలలు పడుతుంది. యంత్రాలకు అప్పు తేవాలి. మొదటి మంచి దిమ్మె వచ్చేలోపు వడ్డీ పెరుగుతూనే వుంటుంది. ఆ రోజుల్లో మా వాడు తెల్లవారక ముందే గుట్ట చేరి, దీపాలు పెట్టాక దిగేవాడు.

మందుపాతర పెట్టి ఎగురగొడితే సరిపోదా అంటారేమో! రోడ్డు కంకరకైతే సరిపోతుంది. పలకలు కోయవలసిన రాయికి పేలుడు శత్రువు. లోపల వెంట్రుక వంటి పగుళ్ళు తెస్తుంది. అందుకని రాయిని కోస్తారు. దేనితో? వజ్రంతో. పై నుంచి ఒక సన్నని రంధ్రం, పక్క నుంచి ఒక రంధ్రం తొలిచి, రెండూ లోపల కలుసుకునేట్లు చేస్తారు. ఆ రంధ్రాల గుండా ఉక్కు తీగ దూర్చి, కొసలు కలిపి, యంత్రంతో గిరగిర తిప్పుతారు. తీగకు పూసలుంటాయి. పూసలకు వజ్రపు నలుసులు అంటించి వుంటాయి. తిరిగినంతసేపూ నీళ్ళు పోస్తూనే వుండాలి. నీరు తీగను చల్లబరుస్తుంది, ధూళిని అణచుతుంది. ఈ రెండవది ముఖ్యం. రాతి ధూళిలోని సిలికా ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల్లో చేరితే మనిషిని ఆయాసపెట్టి చంపుతుంది. ఆ రోగానికి సిలికోసిస్ అని పేరు. నీళ్ళ ట్యాంకరు రాని రోజున పని ఆపే యజమానినే నేను మంచి యజమాని అంటాను.

దిమ్మె విడిపడగానే మా వాడు చేసే మొదటి పని ఏమిటో తెలుసా? సుత్తి తీసుకొని తట్టడం! మంచి రాయి ఖంగుమని మోగుతుంది. పగులున్న రాయి పగిలిన కుండ మాదిరి పలుకుతుంది. తర్వాత నీళ్ళు చల్లుతారు. పైన తడి ఆరిపోయినా పగులులో ఆరదు, నల్లని గీతగా కనబడుతుంది. కొనడానికి వచ్చినవాడూ ఇవే పరీక్షలు చేస్తాడు. ఒక్క గీత కనబడిందా, నెల రోజుల కష్టం సగం ధరకు పోతుంది.

దిమ్మె మీద రంగుతో అంకెలు రాస్తారు. ఘనపు మీటర్ల లెక్కన ప్రభుత్వానికి సీనరేజి అనే రుసుము కట్టాలి గనుక కొలత సరిగా వుండాలి. గుట్ట అందరిదీ కాబట్టి, కొలత తగ్గించి చూపినవాడు అందరి సొమ్మూ తిన్నట్లే. అక్కడి నుంచి రైలు మీదా, లారీల మీదా కాకినాడ, కృష్ణపట్నం వంటి రేవులకు పోయి దిమ్మెలు ఓడ ఎక్కుతాయి. చాలా భాగం చైనాకు చేరింది.

ఇక్కడొక చిక్కు వుంది. తండ్రి వ్యాపారానికీ కొడుకు వ్యాపారానికీ ఒక పెద్ద తేడా. టేకును కొట్టిన మోడు నుంచి పిలకలు వేస్తాయి. అరవై, ఎనభై ఏళ్ళు ఓపిక పడితే మళ్ళీ చెట్టవుతుంది. గుట్ట మోడు చిగురించదు. అది పోయిన చోట నీళ్ళు నిలిచిన గొయ్యి మిగులుతుంది. గుట్ట మీద పశువులు మేసేవి, ఎలుగుబంట్లు, నెమళ్ళు వుండేవి. వాన నీరు దాని మీద నుంచే చెరువులోకి దిగేది. క్వారీ కూలి మీద బ్రతికే కుటుంబాలు అదే ఊళ్ళో వున్నాయి. "గుట్టంతా వద్దంటే వాళ్ళేం తినాలి సార్?" అని మా వాడు అడుగుతాడు. వాడి మాట కొట్టివేయదగ్గది కాదు. కాని అన్ని గుట్టలూ ఒకటి కావు. ఆ మాటకే నేను వాణ్ణి ఒకచోటికి తీసుకుపోయాను.

కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలో కురిక్యాల అనే ఊరుంది. దాని దగ్గర బొమ్మలమ్మ గుట్ట. సుమారు క్రీస్తుశకం 945లో జినవల్లభుడు అనే ఆయన ఆ గుట్ట రాతి మీద జైన దేవతల బొమ్మలు చెక్కించి, కింద శాసనం వేయించాడు. కన్నడ మహాకవి పంపడు ఈయనకు అన్న. ఆ శాసనంలో సంస్కృతం వుంది, కన్నడం వుంది, తెలుగులో మూడు కంద పద్యాలు వున్నాయి. నన్నయ భారతం కంటే సుమారు నూరేళ్ళ ముందువి! 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా రావడానికి చూపిన ఆధారాల్లో ఇదీ ఒకటి. ఆ చుట్టుపక్కల గుట్టలకు గ్రానైటు లీజుల మాట వచ్చినప్పుడు చరిత్ర తెలిసినవారు కలవరపడి గొంతెత్తారు.

మా వాడు ఆ అక్షరాల ముందు చాలాసేపు నిలబడ్డాడు. లిపి పాతది, వాడికి చదవరాలేదు. వంగి, గీత లోతు చూశాడు, అంచులు చూశాడు. పగులు ఎక్కడా లేదన్నాడు. అలవాటు కొద్దీ జేబులోని చిన్న సుత్తి తీశాడు, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు.