ఉదయగిరి చెక్క గరిటెలు

ఉదయగిరి చెక్క గరిటెలు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాలోని ఉదయగిరిలో చేతితో తయారయ్యే చెక్క సామగ్రి. గరిటెలు, చెంచాలు, ఫోర్కులు, కత్తులు, దువ్వెనలు, చిన్న ఆటవస్తువులు ఈ కోవలోకి వస్తాయి. నెల్లూరు సముద్రతీరానికి పడమరగా వెలిగొండల ప్రాంతంలో ఉన్న ఈ ఊరి పనితనానికి 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం కింద "ఉదయగిరి ఉడెన్ కట్లరీ" అన్న పేరుతో గుర్తింపు లభించినది. పండుగలకు, గృహప్రవేశాలకు ఇచ్చే చిన్న కానుకలుగా ఇవి అమ్ముడవుతాయి.

నేపథ్యం

ఉదయగిరి పేరు చెప్పగానే చరిత్ర విద్యార్థులకు కోట గుర్తుకు వస్తుంది. శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘకాలపు ముట్టడి తరువాత 1514లో ఈ దుర్గాన్ని గజపతుల నుండి గెలిచి, ఇక్కడి బాలకృష్ణుని విగ్రహాన్ని విజయనగరానికి తరలించాడు. తరువాతి కాలంలో కోట గోల్కొండ సుల్తానుల ఏలుబడిలోకి వెళ్ళినది. చెక్కపని చేసేవారిలో ముస్లిం కుటుంబాలు ఎక్కువ. ఇటీవలి కాలంలో స్త్రీలే ప్రధానంగా ఈ పని చేస్తున్నారు. చెంచా పిడులపై చెక్కే లతలలో, పూలలో పారశీక శైలి ఛాయలున్నవని చెబుతారు.

తెలుగువారి వంటింటికి చెక్క కొత్త కాదు. తెడ్డు, కవ్వం, పప్పుగుత్తి, కొబ్బరిచిప్పకు పుల్ల తొడిగిన గరిటె ప్రతి ఇంటా ఉండేవి. కానీ చేతితో అన్నం కలుపుకొని తినే ఊరిలో చెక్క ఫోర్కు తయారు కావడం కాస్త వింతే. అది ఇంటివారికోసం కాక అంగడికోసం, కానుకకోసం పుట్టిన వస్తువు. చెంచాను కానుకగా ఇచ్చే ఆచారం ఇతర దేశాలలో కూడా ఉన్నది. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో యువకులు తాము వలచిన యువతికి స్వయంగా చెక్కిన చెంచాను ఇచ్చేవారు. అటువంటి 1667 నాటి చెంచా ఒకటి అక్కడి సెయింట్ ఫాగన్స్ మ్యూజియంలో ఉన్నది.

కలప

నర్ది, బిక్కి, దేవదారు, కలివి వంటి కర్రలను వాడుతారు. ఇక్కడ దేవదారు అన్నది హిమాలయాలలో పెరిగే మహావృక్షం కాదు. దక్షిణాది మెట్ట అడవులలో పెరిగే చిన్న చెట్టు. పేరు ఒకటే కావడంతో చాలామంది పొరబడతారు. ఇవన్నీ పొదల వంటి, నెమ్మదిగా పెరిగే జాతులు. అందువలన వీటి కలప దట్టంగా, సన్నని పోగుతో ఉంటుంది. వంట వస్తువుకు కావలసినది ఇదే: పోగు ముతకగా ఉంటే నీరు, నూనె లోనికి దిగి చెక్క త్వరగా పాడవుతుంది.

తయారీ

ఏటికొప్పాక బొమ్మలను అంకుడు కర్రతో తరిమెన పట్టి, లక్క రంగులు పూస్తారు. కొండపల్లి బొమ్మలు తేలికైన తెల్లపొణికితో చేసి రంగులు వేసేవి. ఉదయగిరి పని ఈ రెండింటికీ భిన్నం. రంగు ఉండదు, అందమంతా చెక్క సహజ వర్ణంలో, నునుపులో ఉంటుంది. కర్రను తగిన పొడవుకు కోసి, రూపురేఖ గీసి, అదనపు చెక్కను తొలగించి, ఆకురాయితో అరగదీస్తారు. పిడిమీది నగిషీకి ఎక్కువ సమయం పడుతుంది. చివర ఉప్పుకాగితంతో నునుపు చేస్తారు.

విద్యార్థులు ఇంటివద్ద సాదా చెంచా ఒకటి చేయదలిస్తే వేప కర్ర అనువైనది. కొమ్మ నడిమి బెండు చెంచాలోకి రాకుండా కర్రను నిలువునా చీల్చాలి. బెండు ఉన్న ముక్క ఆరేటప్పుడు పగులుతుంది. పోగు పిడి పొడవునా సాగాలి, అడ్డంగా వస్తే పిడి విరుగుతుంది. ముందుగా చెంచా గుంటను తవ్వి, ఆ తరువాతనే బయటి ఆకారాన్ని కోయాలి. దిమ్మ చతురస్రంగా ఉన్నంతసేపు పట్టుకోవడం తేలిక, చేతికి గాయం కాదు. నునుపు చేసిన చెంచాను ఒకసారి తడిపి ఆరబెడితే పోగులు లేస్తాయి. మళ్ళీ రుద్దితే అవి తిరిగి లేవవు. అవిసె నూనె పూస్తే కొన్ని రోజులకు గట్టిపడి పొరవలె నిలుస్తుంది. కొబ్బరినూనె గట్టిపడదు గనుక అప్పుడప్పుడు పూయవలసి ఉంటుంది. వార్నిషు మాత్రం వంట వస్తువుకు పనికిరాదు.

కానుకగా అందుకున్నవారు వీటిని నీటిలో నానబెట్టక, కడిగి నీడలో ఆరబెట్టాలి. చెక్క వేడిని త్వరగా ప్రసరింపజేయదు గనుక పిడి కాలదు. నాన్‌స్టిక్ పాత్రల పూత కూడా గీరుకుపోదు.

సమస్యలు

మొదటి చిక్కు కలప. చెట్లు అడవిలో ఉన్నవి, అడవికి నిబంధనలున్నవి. నెమ్మదిగా పెరిగే జాతులను కొట్టివేస్తే తిరిగి రావడానికి ఏళ్ళు పడుతుంది. కావున నిబంధనలను తప్పు పట్టలేము, కలప లేక కూర్చున్న పనివారినీ తప్పు పట్టలేము. ఇవే జాతులను నాటి పెంచడం తప్ప ఈ చిక్కుకు శాశ్వత పరిష్కారం కనిపించదు.

రెండవది ధర. యంత్రంపై చేసిన చెంచాతో, స్టీలు గరిటెతో వెలలో పోటీ పడటం చేతిపనికి సాధ్యం కాదు. భౌగోళిక గుర్తింపు పేరును కాపాడుతుందే గాని గిట్టుబాటు ధరను నిర్ణయించదు. 2022 జూలై 1 నుండి ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ చెంచాలు, ఫోర్కులను దేశమంతటా నిషేధించినప్పటికీ ఆ స్థానంలోకి ఎక్కువగా వచ్చినవి యంత్రంపై కోసిన పలుచని చెక్క చెంచాలే. ఏళ్ళతరబడి వాడుకొనేందుకు చేసిన ఉదయగిరి చెంచాకు ఆ అంగడిలో చోటు తక్కువ.