నేల కింద నీరు ఎప్పుడు పైకి? ఎప్పుడు కిందికి?



వానాకాలం రాగానే మా ఓపీలో నీళ్ళ విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లతో వచ్చేవారు ఎక్కువవుతారు. వేసవిలో కోనసీమ, నరసాపురం వైపు నుండి వచ్చేవారు "డాక్టరు గారూ, బోరు నీళ్ళు ఉప్పగా వస్తున్నాయి, తాగవచ్చా?" అని అడుగుతారు. ఈ రెండింటికీ నేల కింద ఉన్న నీటిమట్టంతో దగ్గర సంబంధం ఉంది. ఆ మట్టాన్ని ఎలా కనిపెడతారో, దాని నుండి మనం ఏమి నేర్చుకోవాలో తెలుసుకుందాం.

నీటిమట్టాన్ని ఎలా కొలుస్తారు?

కొన్ని ప్రభుత్వ కార్యాలయాల ఆవరణలో మూత వేసి తాళం పెట్టిన సన్నని గొట్టపు బావి ఉంటుంది. అది తాగునీటి కోసం వేసిన బోరు కాదు. దానిని పీజోమీటరు అంటారు. నీటిమట్టం చూడడానికే దానిని తవ్వుతారు.

పూర్వం సిబ్బంది బావిలోకి టేపు వదిలి కొలిచేవారు. కేంద్ర భూగర్భ జల బోర్డు ఎంచుకున్న బావులలో ఏడాదికి నాలుగుసార్లు కొలవడం ఆనవాయితీ. కాని జ్వరం ఉన్న రోగికి మూడు నెలలకు ఒకసారి థర్మామీటరు పెడితే ఏమి తెలుస్తుంది? అందుకే 1995లో ప్రపంచ బ్యాంకు సాయంతో మొదలైన హైడ్రాలజీ ప్రాజెక్టు కాలం నుండి మన రాష్ట్రంలో పీజోమీటర్లు తవ్వి, వాటిలో తమంతట తామే కొలిచే సెన్సార్లు దించుతూ వచ్చారు. ఇప్పుడు రాష్ట్ర భూగర్భ జల శాఖకు చాలా పీజోమీటర్ల నుండి సిమ్ కార్డు ద్వారా లెక్కలు రోజూ అందుతున్నాయి.

సెన్సారు పని చేసే తీరు సులువే. చెరువులో లోతుకు మునిగితే చెవుల మీద ఒత్తిడి తెలుస్తుంది కదా! ఒక మీటరు ఎత్తు నీరు ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు 100 గ్రాముల బరువు మోపుతుంది. తీగకు కట్టి నీటిలోకి దించిన సెన్సారు ఆ ఒత్తిడిని కొలిచి, తన మీద ఎంత నీరు ఉందో చెబుతుంది. గాలి ఒత్తిడి కూడా మారుతూ ఉంటుంది కనుక దానిని తీసివేసి లెక్క కడతారు.

మన డెల్టాలో ఏడాది పొడవునా ఏమి జరుగుతుంది?

జూన్‌లో కాలువలకు నీరు వదిలి, సార్వా ఊడ్పులు మొదలై, వానలు పడగానే మట్టం పైకి లేస్తుంది. అక్టోబరు, నవంబరు తుఫాను వానల నాటికి చాలా ఊళ్ళలో నీరు నేలకు బాగా దగ్గరగా ఉంటుంది. దాళ్వా సాగు ఉన్నంతకాలం కాలువల ఊట మట్టాన్ని కొంత నిలబెడుతుంది. సాధారణంగా ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు. అప్పటి నుండి మట్టం దిగిపోతుంది.

మట్టం పెరిగితే మంచిదే కదా అనుకుంటాము. పంటకు మంచిదే. కాని మరుగుదొడ్డి గుంత అడుగు, భూమిలోని నీరు ఒకచోట కలిసినప్పుడు మలంలోని క్రిములు నేల వడకట్టకుండానే నూతిలోకి, లోతు తక్కువ చేతిపంపులోకి చేరతాయి. వాటిలో హెపటైటిస్-ఇ కామెర్లు గర్భిణులకు ప్రాణాపాయం తేగలవు.

మట్టం దిగితే వేరొక చిక్కు. మన డెల్టా ఒకప్పుడు సముద్రం ఉన్న చోట గోదావరి ఒండ్రుతో ఏర్పడింది. తీరం దగ్గర మంచినీరు బరువైన ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలిస్తే, కింద సుమారు 40 అడుగుల మంచినీరు నిలుస్తుందని శాస్త్రజ్ఞుల లెక్క. పైన ఒక అడుగు తోడేసి, దానిని అలాగే ఉంచితే, కింద ఉప్పునీరు రానురాను 40 అడుగుల దాకా పైకి రాగలదు. అందుకే తీరగ్రామాల్లో బోరును ఇంకా లోతుకు దించితే మంచినీరు పడుతుందని నమ్మకం లేదు.

బంగ్లాదేశ్ తీరంలో గర్భిణులపై జరిగి 2011, 2014లలో వెలువడిన పరిశోధనలు ఉప్పునీరు తాగడానికీ, గర్భిణుల్లో బీపీ పెరిగి ఫిట్స్ దాకా దారితీసే జబ్బుకూ సంబంధం ఉందని చూపాయి. బీపీ, గుండె, కిడ్నీ రోగులు కూడా ఈ విషయం మరువకూడదు.

మనం చేయవలసినవి

1. వానాకాలంలో నూతినీరు, చేతిపంపు నీరు తెర్లేదాకా కాచి, అదే గిన్నెలో మూతపెట్టి చల్లార్చి తాగండి.

2. నూతిలో 1000 లీటర్ల నీటికి సుమారు రెండున్నర గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు చొప్పున రాత్రిపూట కలపండి. పౌడరును ముందు బకెట్టు నీటిలో కలిపి, సున్నంలాంటి మడ్డి దిగాక పైతేట మాత్రమే నూతిలో పోయండి. కనీసం గంట వరకు ఆ నీరు తోడవద్దు.

3. మరుగుదొడ్డి గుంతకూ నూతికీ కనీసం 15 మీటర్ల దూరం ఉంచండి. నీరు పైకి వచ్చే ఊళ్ళలో గుంతను లోతుగా తవ్వించవద్దు.

4. కాచినంత మాత్రాన ఉప్పు పోదు. నీరు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. కాలువలు కట్టేసే రోజుల్లో తాగడానికి, వంటకు మంచినీళ్ళ చెరువు నుండి వచ్చే శుద్ధి చేసిన కుళాయి నీరు వాడండి. బోరు నీటిని మిగతా పనులకు ఉంచండి.

5. నీటిని పరీక్ష చేయించండి. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండడం మంచిది. వేరే నీరు దొరకనప్పుడు 2000 వరకు అనుమతి ఉంది.

ఒక్క మాట గుర్తుంచుకోండి. సెన్సారు నీరు ఎంత లోతులో ఉందో చెబుతుంది. ఆ నీరు తాగవచ్చో లేదో చెప్పదు. మట్టం బాగా పెరిగిందని విన్నప్పుడు క్రిముల గురించి, బాగా తగ్గిందని విన్నప్పుడు ఉప్పు గురించి జాగ్రత్తపడండి. మీ ఇంట్లో గర్భిణి గానీ, బీపీ రోగి గానీ ఉంటే ఈసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు ఏ నీరు తాగుతున్నారో మేము అడగకముందే మాకు చెప్పండి.