ఫ్రెంచి ‘సుర్తూ’: వెండియు, వెండిపూతయు

ఫ్రెంచివారి విందుబల్ల నడుమ నుంచు వెండి, స్ఫటికముల యలంకారసముదాయమునకు ‘సుర్తూ’ యని పేరు. ‘సుర్’ అనగా పైన, ‘తూ’ అనగా సమస్తము. దీని లోహమును నిర్ణయించు విధమును మే మిచ్చట వివరింపదలచితిమి.

పదునేడవ శతాబ్ది చివర రాజాస్థానపు విందులలో నిది వెలసినది. తొలుత దీపములను, ఉప్పును, పంచదారను, సుగంధద్రవ్యములను ఒక్కచోట నుంచు సాధనము. పందొమ్మిదవ శతాబ్దిలో వంటకములను వరుసగా వడ్డించు రష్యా పద్ధతి వ్యాపింపగా బల్ల నడుమ చోటు మిగిలెను. అచ్చట పూలకును పండ్లకును స్ఫటికపాత్రలు నిలిచెను. ఈ ‘స్ఫటికము’ గనిలో దొరకు శిల గాదు. సీసపు ఆక్సైడు చేర్చి కరగించిన గాజు. లొరేన్ ప్రాంతమున 1764లో స్థాపితమైన బకరా గాజుశాల యిందుకు ప్రసిద్ధము.

వెండి విషయమున కంటిని నమ్మరాదు. 1842లో శార్ల్ క్రిస్తోఫ్ల్ విద్యుచ్ఛక్తితో వెండిపూత వేయు పేటెంటు హక్కులను సంపాదించెను. మూడవ నెపోలియన్ చక్రవర్తి నూర్గురి విందుకై చేయించిన సుర్తూ యా సంస్థ నిర్మించినదే. అదియు పూతయే గాని గట్టివెండి గాదు. 1871లో త్విలెరీ ప్రాసాదము దగ్ధము కాగా, శిథిలములనుండి వెలికిదీసిన భాగములు నేడు పారిస్ అలంకారకళల మ్యూజియములో నున్నవి.

కావున ముద్రలను చదువవలెను. 1838లో ప్రవేశపెట్టిన మినర్వా దేవత శిరోముద్ర గట్టివెండికి గుర్తు. పాతవస్తువులపై అందలి 1 అంకె వేయింట 950 పాళ్లను, 2 అంకె 800 పాళ్లను దెలుపును. తయారీదారు ముద్ర గట్టివెండిపై వజ్రాకృతి, పూతపై చతురస్రము.

పూత యని తేలినంతనే చారిత్రకమైన విలువ తగ్గదు. చక్రవర్తి సుర్తూయే నిదర్శనము. తాళపత్రపు సొగసు పాఠమునకు ప్రమాణము కానట్లే, తళుకు లోహమునకు ప్రమాణము గాదని మా యభిప్రాయము.