షహద్ తీపి, చక్కెర తీపి

"హకీం సాబ్, చక్కెర మానేసి షహద్ వేసుకుంటున్నా. షుగర్ తగ్గలేదేం?" అని చాలామంది అడుగుతుంటారు.

చక్కెర అణువులో గ్లూకోజు, ఫ్రక్టోజు జతగా ఉంటాయి. పూల మకరందంలోని ఆ జతను తేనెటీగ తన నోటి ఎంజైముతో విడగొడుతుంది. మన పేగు చేయాల్సిన పని ముందే అయిపోయిందన్నమాట! 6 కర్బన, 12 హైడ్రోజన్, 6 ఆక్సిజన్ పరమాణువులు: గ్లూకోజు చెరకు నుంచి వచ్చినా, తేనె నుంచి వచ్చినా ఇంతే. 100 గ్రాముల తేనెలో దాదాపు 80 గ్రాములు చక్కెరలే. మిగతాది ఎక్కువగా నీరే.

మా మాజూన్ల పాకం కూడా తేనెతోనో, చక్కెరతోనో కట్టేదే. కాబట్టి మధుమేహం ఉన్నవారు తేనెనూ చక్కెర లెక్కలోనే వేసుకోండి. మాజూన్ తీసుకునే ముందు మీ జబ్బు సంగతి హకీంకు చెప్పండి. డాక్టరు రాసిన మాత్రలు మాత్రం మానకండి.