కొన్నది ఒక్కసారే.. ఎత్తుకెళ్లింది రెండుసార్లు! మైకెలాంజెలో ‘మడోన్నా’ కథ ఇదీ..

బెల్జియంలోని బ్రూజ్ నగరం. అక్కడి అవర్ లేడీ చర్చిలో నాలుగడుగులకు కాస్త పైగా ఎత్తున్న పాలరాతి విగ్రహం ఒకటుంది. అమ్మ ఒడిలోంచి కిందికి దిగబోతున్న బాల ఏసు.. ఆపకుండా కిందికి చూస్తున్న మేరీ మాత. చెక్కింది మైకెలాంజెలో. ఐదు శతాబ్దాల్లో దీన్ని డబ్బిచ్చి కొన్నది ఒక్క కుటుంబమే. సైన్యాలు ఎత్తుకెళ్లింది మాత్రం రెండుసార్లు!

ముందు కొన్నవాళ్ల సంగతి. బ్రూజ్‌కు చెందిన మూస్క్రోన్ కుటుంబానిది బట్టల వ్యాపారం. ఇటలీతో లావాదేవీలు బాగానే ఉండేవి. మైకెలాంజెలోకు 100 డ్యూకట్లు, అంటే అప్పటి బంగారు నాణేలు ఇచ్చి విగ్రహం కొన్నారు. 1506లో రోమ్ నుంచి తండ్రికి రాసిన ఉత్తరంలో దీన్ని ఎవరికీ చూపించొద్దని మైకెలాంజెలో గట్టిగా చెప్పాడు. ఆ గుట్టు ఎంత బాగా పనిచేసిందంటే.. ఆయన జీవితకథ రాసినవాళ్లు కూడా ఇది కంచు విగ్రహమని రాసేశారు!

1514లో ఆ కుటుంబం విగ్రహాన్ని చర్చికి కానుకగా ఇచ్చేసింది. అప్పట్నుంచి ఓనర్ చర్చే. 1521లో బ్రూజ్‌కు వచ్చిన జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ దీన్ని చూసినట్టు డైరీలో రాసుకున్నాడు.

తొలి దెబ్బ 1794లో. ఫ్రాన్స్ విప్లవ సేనలు విగ్రహాన్ని పారిస్‌కు తరలించాయి. గొప్ప కళ స్వేచ్ఛ ఉన్న దేశంలోనే ఉండాలన్నది వాళ్ల వాదన. వినడానికి బాగానే ఉంది కానీ చర్చి దృష్టిలో అది దోపిడీయే. వాటర్లూలో నెపోలియన్ ఓడాకే విగ్రహం వెనక్కొచ్చింది.

రెండోసారి 1944 సెప్టెంబర్. మిత్రసేనలు దగ్గరికొచ్చేస్తున్నాయి. ఓ రాత్రి జర్మన్లు చర్చికి వచ్చి, అమెరికన్ల నుంచి కాపాడతామంటూ విగ్రహాన్ని పరుపుల్లో చుట్టి రెడ్‌క్రాస్ ట్రక్కులో పట్టుకుపోయారు. కొద్ది రోజులకే బ్రూజ్‌కు విముక్తి దొరికింది. విగ్రహం మాత్రం అప్పటికే లేదు.

మరి ఎక్కడ తేలింది? ఆస్ట్రియాలోని ఆల్టౌసీ ఉప్పు గనిలో. నాజీలు దోచిన వేలాది కళాఖండాలు అక్కడే దాచారు. అసలు టెన్షన్ ఇక్కడే.. ‘పాలరాయి, జాగ్రత్త’ అని రాసి గనిలోకి చేర్చిన ఎనిమిది పెట్టెల్లో ఉన్నవి రాళ్లు కాదు, ఒక్కోటి 500 కిలోల బాంబులు! ఓడిపోతే గని మొత్తం పేల్చేయాలన్నది స్థానిక నాజీ నేత ప్లాన్. గని కార్మికులు, అక్కడి అధికారులు కలిసి ఆ పెట్టెల్ని బయటికి లాగేశారు. లేదంటే ఇప్పుడు ఓనర్ ఎవరన్న ప్రశ్నే ఉండేది కాదు.

1945 మేలో అమెరికా సేనలు గనికి చేరాయి. మురికి పరుపు మీద విగ్రహం కనిపించింది. జులైలో కళాఖండాల నిపుణుడు జార్జ్ స్టౌట్ దగ్గరుండి గొర్రెతోలు కోట్లలో చుట్టించి బయటికి తెప్పించాడు. తర్వాత విగ్రహం మళ్లీ బ్రూజ్ చేరింది. 2014 హాలీవుడ్ సినిమా ‘ద మాన్యుమెంట్స్ మెన్’లో చూపించింది ఈ కథనే.

1972లో వాటికన్‌లోని మైకెలాంజెలో ‘పియెటా’పై ఓ వ్యక్తి సుత్తితో దాడి చేశాక ఇక్కడా బుల్లెట్‌ప్రూఫ్ అద్దం పెట్టారు. ఇప్పుడు సందర్శకులు కాస్త దూరం నుంచే చూడాలి.