దారం కాదు, అట్ట చూడు

బెంగళూరు నుంచి మా ఊరికి పోయే రైలు హిందూపురం, పెనుకొండ దాటి ధర్మవరం చేరుతుంది. నేను డెవ్‌ఆప్స్ ఇంజినీరునని తెలిస్తే పక్కన కూర్చున్న డిగ్రీ పిల్లలు అడిగే మాట ఒకటే: "అక్కా, ఏ కోర్సు చేస్తే ఈ ఉద్యోగం వస్తాది?" కోర్సు కంటే ముందు పని ఏమిటో తెలియాలి. ఆ పనిని దారిలోని ఊళ్లను చూపించే చెబుతాను.

హిందూపురంలో చింతపండు దాచాలంటే ఎవరికి వారు శీతల గిడ్డంగి కట్టుకోరు. ఉన్నదాంట్లో చోటు తీసుకుని బాడుగ కడతారు. క్లౌడ్ కూడా అంతే. ఒకప్పుడు ప్రతి కంపెనీ కంప్యూటర్లు కొని, ఏసీ గదిలో పెట్టి, చూసుకోవడానికి మనుషుల్ని పెట్టుకునేది. 2006లో అమెజాన్ తన యంత్రాలను గంటల లెక్కన బాడుగకు ఇవ్వడం మొదలుపెట్టాక ఆ తీరు మారింది. 2022 నవంబరులో ఆ సంస్థ హైదరాబాదులోనూ డేటా సెంటర్లు తెరిచింది. ఆపడం మరిచిన యంత్రానికి బాడుగ పడుతూనే ఉంటుంది. అందుకే ఖాతా తెరిచిన రోజే ఖర్చు హెచ్చరిక పెట్టుకోండి.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా కర్మాగారం నుంచి 2019లో కార్లు రావడం మొదలైంది. కారంతా తయారయ్యాక ఒకేసారి పరీక్షిస్తామంటే కుదరదు. ఒక్కో చోట ఒక్కో పని, ఆ వెంటే తనిఖీ. సాఫ్ట్‌వేర్‌కు అలాంటి వరుసే పైప్‌లైన్. ప్రోగ్రామర్ రాసిన మార్పు, మార్పులన్నీ దాచిపెట్టే గిట్‌లో చేరగానే పరీక్షలు వాటంతటవే జరుగుతాయి. నెగ్గితేనే అది జనం వాడే చోటికి వెళ్తుంది. మునుపు రాసేవాళ్లు వేరు, నడిపేవాళ్లు వేరు. ఏదైనా ఆగితే తప్పు మీదంటే మీదని వాదులాట. ఆ ఎడం పోవాలని 2009లో బెల్జియంలోని గెంట్‌లో పాట్రిక్ డెబ్వా జరిపిన సమావేశంతో డెవ్‌ఆప్స్ అనే పేరు లోకానికి పాకింది.

ధర్మవరంలో మా నాయన పట్టుచీరలు నేస్తాడు. మగ్గం పైన జకార్డు అనే యంత్రం, దానికి వేలాడే అట్టలు. అట్టలో బెజ్జం ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు. బుటా పడేది అలాగే. 1804లో ఫ్రాన్సులోని లియోన్ నగరంలో జకార్డ్ అనే ఆయన చేసిన ఈ ఏర్పాటే తర్వాత కంప్యూటర్లు ఊహించినవాళ్లకు దారి చూపింది. చిన్నప్పుడు ఒక చీరలో నెమలి మెడ దగ్గర ప్రతిసారీ అదే దారం తప్పుతుంటే నేను చేత్తో లేపబోయాను. "దారంతో యాల కొట్లాడతావు పాపా, అట్ట చూడు" అన్నాడు నాయన. చూస్తే ఒక బెజ్జం మూసుకుపోయి ఉంది.

ఉద్యోగంలో మొదటి ఏడాది ఆ మాట మరిచాను. రాత్రి షిఫ్టులో ఒక సర్వర్ సెట్టింగును చేత్తో మార్చి, ఎక్కడా రాయకుండా ఇంటికి పోయాను. వారానికి దాని స్థానంలో కొత్త సర్వర్ లేచింది. అందులో నా మార్పు లేదు, సేవ ఆగిపోయింది. కారణం పట్టుకోవడానికి రెండు గంటలు పట్టింది. అప్పటినుంచి యంత్రాన్ని కాదు, దాన్ని లేపే ఫైలును సరిచేస్తున్నాను. ఎన్ని సర్వర్లు, ఏ నెట్‌వర్క్ అని ఫైలులో రాసిస్తే టెర్రాఫామ్ అనే సాధనం అలాగే కట్టి ఇస్తుంది. ఆ ఫైలే నా అట్ట.

నేర్చుకునే వరుస ఇది: ముందు లినక్స్, దానికి పాత కంప్యూటరైనా చాలు. తర్వాత నెట్‌వర్కింగ్, గిట్, కొంచెం పైథాన్. ఆపైన ఏదో ఒక్క క్లౌడ్, ప్రోగ్రామును ఎక్కడైనా నడిచేలా మూటగట్టే డాకర్, టెర్రాఫామ్. అలాంటి మూటలెన్నింటినో నడిపే కుబర్నెటీస్ చివర్న. సర్టిఫికెట్ తలుపు తట్టడానికి పనికొస్తుంది, లోపల నిలబెట్టేది చేతి పని. కొత్తవాళ్లకు నేరుగా డెవ్‌ఆప్స్ ఉద్యోగాలు తక్కువ. నేను రెండేళ్లు సపోర్టులో చేసి ఇటు వచ్చాను, అందులో చిన్నతనమేమీ లేదు. లేని అనుభవం కాగితాల మీద చూపిస్తామనేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి. దొరికితే ఉద్యోగమే కాదు, పేరూ పోతుంది. అమ్మ గాజులు కుదువపెట్టి ఫీజు కట్టే పిల్లలకు అది తట్టుకోలేని దెబ్బ.

మీ వీధిలో చీరలమ్మే ఇంటికి ఒక చిన్న వెబ్‌సైటు పెట్టి ఇవ్వండి. అందరికీ చూపించే ముందు దాన్ని పూర్తిగా చెరిపేసి, మీరు రాసుకున్న ఫైళ్లతోనే మళ్లీ నిలబెట్టండి. మొదటిసారి ఏదో ఒకటి లేవదు. అప్పుడు చేత్తో అతికించకండి, అట్ట చూడండి.